మూడో మీటరు

మా ఇంటి ఓనరు పైన ఉంటాడు, నేను కింద ఉంటాను. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నవి మెట్లు, బేస్‌మెంటు, వీధి స్తంభం నుంచి గోడమీదికి దిగే ఒక కరెంటు తీగ. నాలుగేళ్లుగా అద్దెకుంటున్నా ఆ తీగ వంక నేను తలెత్తి చూసింది లేదు. 2025 అక్టోబరు చివర్లో ఓనరు మేనమామ వచ్చాక చూడక తప్పలేదు.

ఆయన నెల్లూరు జిల్లాలో కరెంటాఫీసులో సబ్ ఇంజనీరుగా చేరి, 1999లో విద్యుత్ బోర్డు విడిపోయి కంపెనీలైన సంబరమంతా చూసి, అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరుగా రిటైరైన మనిషి. కూతురు న్యూ జెర్సీలోని ఎడిసన్‌లో ఉంటుంది. శని ఆదివారాలు మేనల్లుణ్ణి చూడ్డానికి పార్సిప్పనీ వస్తారు. చూసేది మేనల్లుణ్ణి తక్కువ, ఇంటి వైరింగుని ఎక్కువ.

పార్సిప్పనీలో మాది లేక్ హయవాతా పేట. 1930లలో న్యూయార్కు చుట్టుపక్కల జనం వేసవి గడపడానికి కట్టుకున్న చిన్న చిన్న బంగళాలు ఇక్కడ వరసగా ఉండేవి. పక్కనున్న లేక్ పార్సిప్పనీలో అయితే డెయిలీ మిరర్ అనే న్యూయార్కు పత్రిక చందాదారులకు స్థలాలు అమ్మింది. యుద్ధం అయ్యాక ఆ బంగళాల్లోనే జనం ఏడాది పొడుగునా కాపురాలు పెట్టారు. గదులు కలిపారు, అంతస్తులు లేపారు. మా ఇల్లూ అట్లా పెరిగిందే. వేసవిలో నాలుగు బల్బులూ ఒక రేడియో నడిచిన చోట ఇప్పుడు రెండు కుటుంబాలు, రెండు డ్రైయర్లు, ఒక టెస్లా. రెండు వాటాలకూ కలిపి వచ్చే సర్వీసు మాత్రం 100 ఆంపియర్లు. పై వాటాకి బ్రేకర్ల ప్యానెల్, కింది వాటాకి, అంటే నాకు, గాజు ఫ్యూజుల పెట్టె.

ఆ శనివారం పైన డైనింగ్ టేబుల్ మీద ఎలక్ట్రీషియన్లు ఇచ్చిన రెండు కొటేషన్లున్నాయి. ఒకటి 200 ఆంప్స్‌కి, ఒకటి 400కి. రెండోది మొదటిదానికి దాదాపు రెట్టింపు. కింద ఉండేదాన్ని కాబట్టి నన్ను కూడా పిలిచారు.

అల్లుడు: మామయ్యా, ఇందులో ఆలోచించేదేం లేదు. 400 వేయిద్దాం. నాకు 200, కిందవాళ్లకు 200. ఎండలొచ్చాక కిచెన్ మార్పిస్తున్నాను కదా, అప్పుడే ఇదీ కానిచ్చేద్దాం.

మామయ్య: 400 అంటే ఎంతరా? 240 పెట్టి గుణించు.

అల్లుడు: 96 వేలు.

మామయ్య: 96 కేవీఏ. మా సెక్షన్లో 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు దించితే ఊరోళ్లు కొబ్బరికాయ కొట్టేవాళ్లు. దానికింద అయిదు హార్స్‌పవర్ మోటార్లు పదిహేను ఆడేవి. నువ్వేందిరా, ఈ ఇంట్లో వరి నాటుతుండావా?

అల్లుడు: వరి కాదు, కార్లు. ఇప్పుడొకటుంది, వచ్చే ఏడు ఇంకోటి. 48 ఆంప్స్ చార్జర్ పెడితే రాత్రి పెట్టి పొద్దున తీసుకోవచ్చు. కిందవాళ్లు కూడా కొంటారు, ఇవాళ కాకపోతే రేపు. ఆయిల్ బాయిలరు తీసేసి హీట్ పంపు వేస్తాను. స్టవ్ ఇండక్షన్ అవుతుంది. గోడ పగలగొట్టేది ఒకసారే. కూలీ ఒకటే, పర్మిట్ ఒకటే. తీగ లావు మాత్రం తేడా.

మామయ్య: తీగ లావుతో పాటు బిల్లు కూడా లావే గదా? ఆ కాగితమిట్టా ఇయ్యి.

కొటేషన్ వెనక్కి తిప్పి ఆయన లెక్క మొదలెట్టారు. ఇక్కడి ఎలక్ట్రికల్ కోడు పుస్తకం మొదటిసారి 1897లో వచ్చింది. మూడేళ్లకోసారి మారుస్తారు. ఆయన దాన్ని కూతురింట్లో భాగవతం చదివినట్టు రోజూ కొంత చదువుతున్నారట.

మామయ్య: వాటా ఒక్కోటి వెయ్యి చదరపు అడుగులు. లైట్లకీ ప్లగ్గులకీ అడుగుకి మూడు వాట్లు. వంటింటి సర్క్యూట్లు రెండు, ఒక్కోటి పదిహేను వందలు. బట్టలుతికే చోట ఇంకో పదిహేను వందలు. రెండు వాటాలకీ కలిపితే 15 వేలు. ఇందులో మొదటి మూడు వేలు పూర్తిగా పట్టు. మిగతా పన్నెండు వేలలో 35 శాతమే పట్టు. ఎంతైంది?

అల్లుడు: 7,200. అదే నాకు నచ్చనిది. 35 శాతం ఎందుకు? అన్నీ ఒకేసారి వేస్తే?

మామయ్య: ఎవురేస్తారు? మిక్సీ, ఇస్త్రీ పెట్టె, వాక్యూమ్, మైక్రోవేవ్, పన్నెండు గదుల లైట్లు ఒకే నిమిషంలో వేసే సంసారం ఉంటే నాకు చూపించు, దండం పెడతా. దీన్నే డైవర్సిటీ అంటారు. ఊరందరికీ ఒకేసారి దాహమెయ్యదు. డ్రైయర్లు రెండూ పది వేలు. ఏసీలు ఎనిమిది. డిష్‌వాషర్లు, బర్నరు, చిల్లర మల్లర మూడు. మొత్తం 28,200. 240 పెట్టి భాగించు. దాదాపు 118 ఆంప్స్.

అల్లుడు: చూశారా? ఇప్పుడున్న 100 ఇప్పటికే చాలదు!

మామయ్య: చాలదని నేనే చెప్తుండా గదరా. చాలనిదానికి 400 ఎందుకంటుండా. కార్లకి రా. నీ ఆఫీసు ఎంత దూరం?

అల్లుడు: నెవార్క్. రానూ పోనూ నలభై మైళ్లు.

మామయ్య: 16 ఆంప్స్ చార్జర్ పెట్టు. గంటకి 3.8 యూనిట్లు. పది గంటలు నిద్రపోతే 38 యూనిట్లు. నూట పది మైళ్లకి తక్కువ రాదు. అట్టాంటివి ఇంటికొకటి పెట్టినా మొత్తం 150 ఆంప్స్. 200లో ఇంకా యాభై మిగిలుంది. అదే నువ్వన్న 48వి రెండు పెడితే 213. అంటే నీకు 400 కావాల్సింది ఇంటికోసం కాదు, రాత్రి పది గంటల పని మూడు గంటల్లో కావాలనే తొందర కోసం. మూడు గంటల్లో బండి నిండితే మిగిలిన ఏడు గంటలూ దాన్ని చూస్తూ కూచుంటావా?

అల్లుడు: చలికాలం లెక్క వెయ్యలేదు మీరు. జనవరిలో ఇక్కడ మైనస్‌లోకి పోతుంది. హీట్ పంపుకి తోడుగా పది కిలోవాట్ల హీటర్ స్ట్రిప్పు పెడతారు, వాటాకొకటి. ఇరవై వేలు కలపండి.

ఆయన కలిపారు. 233 వచ్చింది. పెన్ను కాసేపు ఆగింది. మేనల్లుడు కుర్చీలో వెనక్కి వాలాడు.

మామయ్య: బాయిలరు పీకకుండా ఉంచుకో. చలి ముదిరే ఆ పది రోజులూ అది చూసుకుంటది.

అల్లుడు: అంటే ఆయిల్ ట్యాంకు, ఆయిల్ లారీ, ఏటా సర్వీసింగు, అన్నీ ఉంచుకోవాలి. మామయ్యా, మీ డైవర్సిటీ లెక్కలు నాకు తెలియనివి కావు. ఇంటరు రెండేళ్లూ ఆ లెక్కల కిందే చదివాను. సాయంత్రం ఆరింటికి బల్బు కొవ్వొత్తిలా ఉండేది. ట్యూబులైటు టపటప కొట్టుకునేది గాని వెలిగేది కాదు. ఊరందరికీ ఒకేసారి దాహమెయ్యదని మీ బోర్డు అనుకుంది. ఆరింటికి అందరికీ ఒకేసారి వేసింది.

ఈ మాటకి మామయ్య వెంటనే బదులు చెప్పలేదు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. కోపం కాదు.

మామయ్య: మీ ఇల్లు లైను చివరాఖర్న ఉండేది. మూడు ఊర్లు దాటొచ్చే లైను. మధ్యలో ఒక ట్రాన్స్‌ఫార్మరు అడిగితే ఎస్టిమేట్ వేసి పంపినా. రెండేళ్లకి వచ్చింది. నువ్వప్పటికి హైదరాబాదు పోయినావు.

అల్లుడు: అందుకే ముందే వేసుకుందామంటున్నాను.

మామయ్య: అది కరువురా. ఇది కరువు తీరినోడి ఆకలి.

నాకు ఆకలి వేసింది. కిందికి పోయి డబ్బా మైక్రోవేవ్‌లో పెట్టి, వేడెక్కే లోపల ప్లేటు కడుక్కుని, మళ్లీ పైకి వచ్చేసరికి మామా అల్లుళ్లిద్దరూ మాటలాపి టేబుల్ పైన వేలాడుతున్న బల్బునే చూస్తున్నారు. అది అలంకారానికి పెట్టిన పాతకాలపు ఫిలమెంటు బల్బు. షాపులో దాన్ని ఎడిసన్ బల్బు అనే అమ్ముతారు. లోపల పసుపు తీగ కనిపిస్తుంటుంది.

మామయ్య: అమ్మా, కింద ఏమన్నా వేసినావా?

మైక్రోవేవ్ అన్నాను.

మామయ్య: మళ్లీ వెయ్యి. ఒక గ్లాసు నీళ్లు పెట్టి రెండు నిమిషాలు.

వేసి, మెట్లమీద నిలబడి పైకి చూశాను. తేనె రంగులో ఉన్న తీగ ఒక్కసారి తెల్లబారింది. మైక్రోవేవ్ ఆగగానే మళ్లీ తేనె రంగు. మూడోసారి ఆయన నన్ను పంపలేదు.

అల్లుడు: లోడు పడితే వోల్టేజి కదులుతుంది. అది మామూలే కదా?

మామయ్య: కదిలితే తగ్గాల. పెరిగిందేందిరా? తగ్గితే నేను పట్టించుకోను. పెరిగితే భయం.

ఆ భయమేమిటో ఆయన ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా, మధ్యలో ఒక చెంచా పెట్టి చెప్పారు. స్తంభం నుంచి మన గోడకి వచ్చేది ఒక్క తీగలా కనిపిస్తుంది గాని లోపల మూడు. అటు 120, ఇటు 120, మధ్యలో న్యూట్రల్. అటూ ఇటూ కలిపి పట్టుకుంటే 240, డ్రైయరుకీ కారుకీ అదే. ఈ మూడు తీగల పద్ధతి ఎడిసన్‌దే. 1883 జనవరిలో ఇదే న్యూ జెర్సీలోని రోజెల్‌లో స్తంభాల మీద తీగలేసి ఊరు వెలిగించాడు. అదే ఏడు జులై 4న పెన్సిల్వేనియాలోని సన్‌బరీలో మూడు తీగలతో నడిపాడు. రాగి ఆదా చెయ్యడానికి. న్యూట్రల్ గట్టిగా ఉన్నంతసేపు అటు 120 అటే ఉంటుంది, ఇటు 120 ఇటే ఉంటుంది. న్యూట్రల్ వదులైతే రెండు పక్కలూ 240ని పంచుకోవడం మొదలెడతాయి, అదీ అన్యాయంగా. ఒక పక్క మైక్రోవేవ్ లాంటి బరువు పడితే అక్కడ వోల్టేజి పడిపోతుంది. పడిపోయినంతా రెండో పక్కకి పోయి చేరుతుంది.

మామయ్య: పూర్తిగా తెగిందనుకో, ఈ పక్కనున్న టీవీకి 180 రావచ్చు, 200 రావచ్చు. మనూర్లో న్యూట్రల్ తెగిన రాత్రి వీధి వీధంతా టీవీలు కాలిపోలా? అక్కడ మూడు ఫేజులు, ఇక్కడ రెండు కాళ్లు. రోగం ఒకటే.

అల్లుడు: సరే, సోమవారం ఎలక్ట్రీషియన్‌కి...

మామయ్య: సోమవారం కాదు. ఇప్పుడు. కరెంటు కంపెనీకి ఫోన్ చెయ్యి. న్యూట్రల్ అను, అడ్రసు చెప్పు.

గంటన్నరలో బకెట్ ట్రక్కు వచ్చింది. వచ్చినతను స్తంభం దగ్గరా గోడపైన వంకీ దగ్గరా తమ జాయింట్లు చూశాడు. బాగానే ఉన్నాయి. మీటరు సీలు తీసి లోపల టార్చి వేశాడు. గోడమీద దిగే కేబుల్ పైతొడుగు ఎండకి పగిలి, వాననీళ్లు కేబుల్ లోపల్నుంచే జారి మీటరు పెట్టెలోకి దిగాయి. న్యూట్రల్ బిగించిన చోట అల్యూమినియం తెల్లగా పొడిపొడిగా, ముగ్గు చల్లినట్టు ఉంది. గీకి, తాత్కాలికంగా బిగించి, బరువైనవి వాడొద్దని, వారంలోగా మార్పించుకోమని చెప్పాడు. స్తంభం నుంచి వచ్చే తీగా మీటరూ కంపెనీవి. వంకీ నుంచి ఇటున్న కేబులు, మీటరు పెట్టె ఇంటివాళ్లవి.

అతను వెళ్లీ వెళ్లకముందే మామయ్య చొక్కా చేతులు మడిచారు.

మామయ్య: రేపు ఆదివారం. హోమ్ డిపోలో కేబులుంటది, పెట్టె ఉంటది. ఎల్‌సీ, అదే లైన్ క్లియర్, తీసుకుని నాలుగు గంటల్లో...

అల్లుడు: ఎల్‌సీ ఎవరిస్తారు మామయ్యా మీకు ఇక్కడ? పైగా చట్టం ఒప్పుకోదు. ఒక కుటుంబం ఉండే సొంత ఇల్లయితే ఓనరు పర్మిట్ తీసుకుని తనే చేసుకోవచ్చు. ఇది రెండు కుటుంబాల ఇల్లు. లైసెన్సున్న కాంట్రాక్టరే చెయ్యాలి.

మామయ్య: అంటే నీ ఒక్కడి ప్రాణమైతే నీ ఇష్టం. అద్దెకున్నోళ్ల ప్రాణం నీ ఇష్టం కాదు. బాగుందిరా రూలు.

చొక్కా చేతులు దించుకున్నారు గాని మనసు దించుకోలేదు. టార్చి పట్టుకుని బేస్‌మెంట్లోకి దిగారు. వెనకాల మేము.

నా ఫ్యూజు పెట్టె తెరిచి ఆయన మొదట చేసిన పని నవ్వడం. పదిహేను ఆంప్స్ వైరుకి ఎవరో ముప్పై ఆంప్స్ గాజు ఫ్యూజు తిప్పిపెట్టారు. ఊళ్లో ఫ్యూజు వైరు బదులు స్కూటరు క్లచ్ వైరు పోగు కట్టినవాళ్లని చూశానని, ఇక్కడికొచ్చినా చుట్టాలు దొరికారని అన్నారు. వైరు కాలుతుంది గాని ఫ్యూజు కాలదు.

మామయ్య: ఏది ఎక్కడికి పోతుందో రాసి పెట్టుకుందాం. కాంట్రాక్టరొచ్చినప్పుడు టైము మిగులుద్ది. అమ్మా, నువ్వు పైన నిలబడి ఏది ఆరితే అది చెప్పు.

ఒకటో ఫ్యూజు విప్పారు. నా వంటిల్లు. రెండోది, నా పడగ్గది. మూడోది విప్పితే నా వాటాలో ఏమీ ఆరలేదు. మెట్లు చీకటైపోయాయి. బేస్‌మెంట్లో ఓ మూల నాలుగేళ్లుగా బుర్రుమంటున్న డీహ్యూమిడిఫయరు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నాకు అప్పుడే తెలిసింది. రాకవే నది పొంగినప్పుడు నీళ్లు తోడే సంప్ పంపు ప్లగ్గు కూడా దాంట్లోదే. నాలుగోది విప్పితే బాయిలరు. రెండు వాటాలకీ వెచ్చదనమిచ్చే బాయిలరు.

చీకట్లో కాసేపు ఎవరం మాట్లాడలేదు.

మామయ్య: ఒరే అబ్బాయ్. మెట్ల దీపం ఈ అమ్మాయి మీటరు మీద వెలుగుతుందిరా.

అల్లుడు: నేను కొన్నప్పుడే అట్లా ఉందేమో. నాకు తెలీదు మామయ్యా. ఒట్టు.

మామయ్య: తెలీదని నేనూ నమ్ముతా. రేపట్నించి తెలుసు గదా. మూడో మీటరు పెట్టు. కామన్ మీటరు. మెట్లు, బాయిలరు, పంపు, ఆ బుర్రు మిషనూ దానికింద. బిల్లు నీది.

ఇక్కడ నేను ఊహించనిది జరిగింది. పొద్దుట్నుంచి 400 కావాలన్న మనిషి మూడో మీటరు దగ్గర ఆగాడు.

అల్లుడు: దానికి వేరే అకౌంటు. నెలనెలా యూనిట్లు కాలినా కాలకపోయినా మినిమం. జూన్ నుంచి ఇక్కడ బిల్లులు 17 నుంచి 20 శాతం పెరిగాయి, చూశారు కదా. అంతకంటే అద్దెలో కొంత తగ్గించుకుంటే సరిపోతుంది. ఎల్‌ఈడీ బల్బు పది వాట్లు. దానికి ఒక మీటరా?

మామయ్య: పొద్దున నీకు 96 కేవీఏ ఎక్కువ కాలేదు. ఇప్పుడు పది వాట్లు ఎక్కువైనాయా?

అల్లుడు: అది ఖర్చు కాదు, పెట్టుబడి. ఇది ఖర్చు.

మామయ్య: నెల్లూర్లో మన ఇంటి పైపోర్షన్ వాళ్లతో మీ అమ్మ దేనికి మాట్లాడ్డం మానేసిందో గుర్తుందా? మోటారు బిల్లు. నెలకి నూట నలభై రూపాయలు. ట్యాంకు ఎవురు ఎక్కువ ఖాళీ చేస్తుండారని. సబ్ మీటరు పెట్టినాక గాని పండక్కి పలకరించుకోలా. అద్దెలో తగ్గిస్తానంటే ఎంత తగ్గిస్తావు? ఎండాకాలం ఆ మిషను ఎన్ని గంటలు ఆడింది, చలికాలం బాయిలరు ఎన్నిసార్లు లేచింది, నువ్వు రాస్తావా, ఆ అమ్మాయి రాస్తదా? మీటరు రాస్తే ఎవురూ ఎవుర్నీ అనుమానించబన్లా. అయినా నిన్ను అడిగేదేందిరా, కోడులోనే ఉంది. 210.25. రెండిళ్లు గాని అంతకు మించి గాని ఉన్న చోట ఉమ్మడి లైటుకి ఒక వాటా ప్యానెల్ నుంచి కరెంటు ఇయ్యగూడదు. పాతది పాతదని ఇన్నాళ్లూ ఊరుకున్నారు. ఇప్పుడు కొత్తగా చేస్తే ఇన్‌స్పెక్టరు ఊరుకోడు.

అల్లుడు: కోడులో ఉందని ముందే చెప్పొచ్చుగా, మోటారు బిల్లు కథంతా ఎందుకు?

మామయ్య: కోడు కోసం పెడితే తిట్టుకుంటా పెడతావని.

సైజు సంగతి ఆ రాత్రే తేలిపోయింది, ఎవరూ గెలవకుండానే. 400 కావాలంటే కంపెనీ వాళ్లు ట్రాన్స్‌ఫార్మరు చూడాలి, అది ఆ వీధిలో మిగతా ఇళ్లతో కలిసి వాడుకునేది, నెలలు పడుతుంది. వదులైన న్యూట్రల్ నెలలు ఆగదు. 200 అయితే ఈ వారమే అవుతుంది. మేనల్లుడు సంతకం పెడుతూ, మూడేళ్లలో మళ్లీ గోడ పగలగొట్టాల్సి వస్తే నెల్లూరు నుంచి డబ్బు మీరే పంపాలన్నాడు. గరాజు దాకా ఖాళీ గొట్టం మాత్రం ఇప్పుడే వేయించుకుంటానన్నాడు, లావుది. మామయ్య దానికి సరేనన్నారు. నన్నడిగితే గొట్టం మాట అల్లుడిదే సరి. తీగ తర్వాతైనా లాగొచ్చు, డ్రైవ్‌వే రెండుసార్లు తవ్వించడం తెలివితక్కువ.

జెనరేటరు దగ్గర మాత్రం మళ్లీ ఒకసారి తగాదా పడ్డారు. ఇక్కడివాళ్లకు అక్టోబరు 29 అంటే ఒక బెదురు. 2011లో అదే రోజు ఆకులు రాలకముందే మంచు పడి కొమ్మలన్నీ తీగల మీద కూలాయి. సరిగ్గా ఏడాదికి, 2012లో అదే రోజు, శాండీ తుపాను. మా మోరిస్ కౌంటీలో చాలా ఇళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అందుకని ఓనరు దగ్గర చిన్న జెనరేటరుంది, దాన్ని డ్రైయరు ప్లగ్గులో గుచ్చి ఇల్లు నడపొచ్చని ఎవరో చెప్పారట. ఈ మాట విన్నాక మామయ్య మొహంలో నవ్వు పోయింది. ఇంట్లోంచి కరెంటు వెనక్కి పోతే ట్రాన్స్‌ఫార్మరు దాన్ని వేల వోల్టులు చేస్తుందనీ, ఎల్‌సీ తీసుకుని, లైను చచ్చిందని నమ్మి స్తంభమెక్కిన మనిషి చేతికి అది తగులుతుందనీ నెమ్మదిగా చెప్పారు. ఆయన చెప్పిన తీరు చూస్తే పుస్తకంలో చదివినది కాదనిపించింది. ఎవరని మేము అడగలేదు. మెయిన్ బ్రేకరు ఆపితే తప్ప జెనరేటరు బ్రేకరు లేవకుండా అడ్డుపడే ఇంటర్‌లాక్ పలక కూడా కొటేషన్లో చేరింది. అల్లుడు దానికి ఎదురు చెప్పలేదు.

గురువారం పని. పొద్దున కంపెనీ వాళ్లు వచ్చి స్తంభం తీగ విప్పారు. పాత కేబుల్ ఊడి కిందపడితే మామయ్య దాన్ని వంచి చూశారు. విరిగిన చోట నీళ్లు ఇంకా కారుతున్నాయి. కొత్త గొట్టం, కొత్త వంకీ. గోడమీద మూడు మీటర్లకి చోటున్న పెట్టె. దాని పక్కనే బయట ఒక స్విచ్చి, మంటలొస్తే ఫైరింజను వాళ్లు లోపలికి రాకుండానే కట్టెయ్యడానికి. ఒకటి రెండు కుటుంబాల ఇళ్లకి 2020 కోడు నుంచి అది తప్పనిసరి. ఎనిమిదడుగుల ఎర్త్ కడ్డీలు రెండు నేలలోకి దించుతుంటే మామయ్య పక్కనే నిలబడి, ఉప్పూ బొగ్గూ వెయ్యరా అని ఎలక్ట్రీషియన్‌ని ఇంగ్లీషులో అడిగారు. అతను ఈయన వంక చూసి, ఎక్కడ నేర్చుకున్నారని అడిగాడు. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఇద్దరూ ఒకటే మాటలు.

మూడింటికి టౌన్‌షిప్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. టార్చి, స్క్రూ డ్రైవరు, పావుగంట. బాగుందన్నాక కట్-ఇన్ కార్డు అనే చీటీ కంపెనీకి పోతుంది, అది లేకుండా వాళ్లు తీగ కలపరు. నా గాజు ఫ్యూజుల పెట్టె డ్రైవ్‌వేలో చెత్త పక్కన పడుంది. ముప్పై ఆంప్స్ ఫ్యూజుని మామయ్య రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నారు, నెల్లూరు తీసుకుపోతారట.

ఓనరు నా దగ్గరికి కాగితం పట్టుకుని వచ్చాడు. డీహ్యూమిడిఫయరు ఎండాకాలం అయిదు నెలలు, బాయిలరు చలికాలం, బల్బు ఏడాదంతా. ఏటా వెయ్యి యూనిట్ల దాకా వచ్చింది. యూనిట్ ఇరవై సెంట్లనుకుంటే రెండొందల డాలర్లు. నాలుగేళ్లకి ఎనిమిది వందలు. చెక్కు రాస్తానన్నాడు. పర్లేదన్నాను. మళ్లీ రాస్తానన్నాడు. పర్లేదండీ అన్నాను. మూడోసారి అడుగుతాడనుకున్నాను. అడగలేదు. వచ్చే నెల అద్దె మాత్రం పంపొద్దని రాత్రి మెసేజ్ పెట్టాడు.

సాయంత్రం అయిదున్నరకి కరెంటు వచ్చింది. కొత్త మీటర్లు మూడూ ఒక్కసారి మిణుకుమని, సున్నాలు చూపించి నిలబడ్డాయి. మామయ్య లోపలికి వెళ్లి మెట్ల దీపం వేసి, గబగబా బయటికి వచ్చి, స్వెట్టరు చేతులు ముడుచుకుని మూడో మీటరు ఎదురుగా నిలబడ్డారు.

అల్లుడు: మామయ్యా, లోపలికి రండి, చలి. పది వాట్ల బల్బు. ఒక్క యూనిట్ తిరగాలంటే వంద గంటలు పడుతుంది.

మామయ్య: తెలుసులేరా.